నవల్లో పెద్దకోడలు

మా వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరూ జిప్పులక్క అనేవాళ్ళు. పాడైన జిప్పు ఏదైనా సరే, ప్యాంటుదో బ్యాగుదో చలికోటుదో, ఆవిడ చేతిలో పడితే మళ్ళీ నోరు మూసుకుని పనిచేసేది. పెద్ద షాపుల వాళ్ళు "కొత్తది కొనుక్కోండి" అని పంపేసిన బట్టలు కూడా ఆవిడ దగ్గరికే వచ్చేవి.

మెట్ల కింద ఇరుకు గది ఆవిడది. పక్కనే నా జిరాక్స్ కొట్టు. మధ్యలో చెక్క గోడ. ఆవిడ మిషన్ తొక్కుతుంటే నా బల్ల మీద కాగితాలు అదిరేవి. కస్టమర్ తన గోడు మొత్తం చెప్పుకుంటున్నంత సేపూ తలెత్తేది కాదు. చివర్న పళ్ళ మధ్య పిన్నులు పెట్టుకునే "అయ్యిందా, ఇంకేమన్నా ఉందా?" అనేది. ఆ మాట విని మొదటిసారి వచ్చినవాళ్ళు కాస్త నొచ్చుకునేవాళ్ళు. అలవాటైన వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నేనైతే ఆ మాట అనుకరించి ఏడిపించేవాణ్ణి. "నీ నోట్లో ఆ పిన్నులు ఉన్నంత వరకే నా ప్రాణం సురక్షితం చెల్లెమ్మా" అంటే, పిన్నులు తీసి మరీ తిట్టేది.

వాళ్ళాయన బస్సు డిపోలో మెకానిక్. మాట తక్కువ మనిషి. ఒక్కత్తే కూతురు. ఆయన తమ్ముడు, అంటే ఈవిడ మరిది, రచయిత. ఆ సంగతి మాకు చాలా కాలం తెలీదు. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. మా దృష్టిలో అతను వాళ్ళింట్లో ఉండి, వాళ్ళింట్లో తిని, మధ్యాహ్నాలు లుంగీ మీద వచ్చి నా దగ్గర తెల్లకాగితాలు పట్టుకెళ్ళే కుర్రాడు. ఓ పత్రికలో అప్పుడప్పుడూ అచ్చుతప్పులు దిద్దే పని చేసేవాడు. మిగతా వేళంతా రాసుకునేవాడు. వదినంటే అతనికి చనువు. "వదినా, కాలరు చిరిగింది", "వదినా, టీ" అంటూ షాపులోకి కూడా వచ్చేవాడు. ఆవిడ మిషన్ ఆపి అతని కాలరు తిప్పి కుట్టిచ్చేది.

ఆ రోజుల్లోనే వాళ్ళ అత్తగారికి మతిమరుపు జబ్బు ముదిరింది. మొదట్లో స్టవ్ ఆర్పడం మర్చిపోయేది. తర్వాత మనుషుల్ని మర్చిపోయింది. ఆ తర్వాత తలుపు తెరిచి వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. ఓ పొద్దున నైటీలో, వట్టి కాళ్ళతో, బస్సులు తిరిగే రోడ్డు మధ్య నిలబడి ఎవర్నో పిలుస్తుంటే నేనే చేయి పట్టుకుని తీసుకొచ్చాను. జిప్పులక్క పరిగెత్తుకొచ్చి ఆవిడ కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని, అరికాళ్ళలో గుచ్చుకున్న గాజుముక్కలు సూదితో తీసింది. ముసలావిడ ఆ నొప్పికి కోడలి చెంప పగలగొట్టింది. కోడలు తల అటు తిప్పుకుని తన పని తాను చేసుకుపోయింది.

మంచం పట్టాక ఆవిడకి ఒళ్ళు తుడవడం, గుడ్డలు మార్చడం, జావ తాగించడం అన్నీ ఈవిడే. కొడుకులిద్దరూ ఉన్నారు. పెద్దవాడు డిపో నుంచి వచ్చి తల్లి పక్కన కూర్చుని చేయి నిమిరేవాడు. చిన్నవాడు గుమ్మం దగ్గర నిలబడి చూసేవాడు. అతనికి వాసన పడేది కాదు. ఆ మాట అతనే చెప్పాడు నాతో. "నాకు వాసనలు బాగా ఎక్కువగా తెలుస్తాయన్నా, అదే నా బలహీనత" అని.

కాస్త లేవగలిగిన రోజుల్లో ముసలావిడ ఇల్లంతా తిరిగేది. అలా తిరుగుతూ ఓ రోజు చిన్నకొడుకు గదిలోకి వెళ్ళి, అతను రాసిపెట్టుకున్న కాగితాల కట్ట తీసుకెళ్ళి బకెట్‌లో నానబెట్టింది. బట్టలనుకుంది పాపం. మర్నాడు అతను బజారుకెళ్ళి ఓ ఇనప గడియ కొనుక్కొచ్చాడు. అన్నగారి స్క్రూడ్రైవర్ తీసుకుని తల్లి గది తలుపుకి బయటివైపు బిగించాడు. "వదినా, నువ్వు షాపుకెళ్ళేటప్పుడు ఇది వేసెళ్ళు. నేను ఇంట్లో ఉంటానుగా, చూసుకుంటాను" అన్నాడు.

వేసి వెళ్ళింది. తన పని ఆపితే ఇల్లు గడవదు. మధ్యలో ఒకటికి రెండుసార్లు షాపు వదిలి ఇంటికి పరిగెత్తి, గడియ తీసి, అత్తగారి పని చూసి వచ్చేది. ఇంటికెళ్ళేసరికి ఆవిడ లోపల్నుంచి తలుపు కొడుతుండేది. పక్కగదిలో మరిది చెవుల్లో దూది పెట్టుకుని రాసుకుంటుండేవాడు.

ఆ చలికాలంలో ముసలావిడ ఊపిరితిత్తులకి నెమ్ము చేసి ఆస్పత్రిలో పోయింది. ఆ తర్వాత కొద్ది నెలలకే మరిది వేరే గది చూసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు వదిన చేత రెండు చొక్కాలు కుట్టించుకుని మరీ వెళ్ళాడు.

చాలా ఏళ్ళకి "బయటి గడియ" నవల వచ్చింది.

నేను చదివాను. నిజం చెప్పాలంటే ఏకబిగిన చదివాను, కళ్ళు తుడుచుకుంటూ చదివాను. అందులో చిన్నకొడుకు వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తుంటాడు. సెలవు మీద ఇంటికొస్తాడు. చీకటి గదిలో, బయట గడియ వేసిన తలుపు వెనక తల్లి ఉంటుంది. వేసింది పెద్దకోడలు. ఆమెకి నవల మొత్తంలో పేరుండదు. బట్టలు కుడుతుంది. గడ్డం మీద పుట్టుమచ్చ. అత్తగారు ఏడుస్తూ ఏదో చెప్పుకుంటుంటే, పళ్ళ మధ్య పిన్నులు పెట్టుకుని "అయ్యిందా, ఇంకేమన్నా ఉందా?" అంటుంది. ఓ చోట ముసలావిడ తలుపు సందులో చేయి పెడితే, ఈమె చూసి కూడా తలుపు మూస్తుంది. వేళ్ళు నలుగుతాయి. ఆ పేజీ చదివి ఏడవని వాళ్ళు లేరని పత్రికల్లో రాశారు.

జిప్పులక్కకి నేను చెప్పలేదు. ఎలా చెప్పను? కానీ ఊరు చెప్పింది. ముందు ఓ స్కూలు టీచరమ్మ వచ్చింది, ఎప్పుడూ వచ్చే ఆవిడే. కొలత ఇస్తూ ఇస్తూ ఈవిడ గడ్డం మీద పుట్టుమచ్చ వంక చూసి ఆగిపోయింది. "మీ మరిదిగారు ఫలానాయనా?" అనడిగింది. అవునంది ఈవిడ. టీచరమ్మ కుట్టడానికిచ్చిన గౌను మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకుని, "తొందరేం లేదులెండి, తర్వాత తెస్తాను" అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆ సాయంత్రం చెక్క గోడ అవతల్నుంచి అడిగింది.

"అన్నయ్యా, మా మరిది పుస్తకంలో నా గురించి ఏముంది?"

"నీ గురించి అని కాదు చెల్లెమ్మా. కథ."

"కథలో ఏముంది?"

పుస్తకం ఇచ్చాను. ఆవిడకి చదవడం వచ్చు, అలవాటు లేదు. షాపులో ఖాళీ దొరికినప్పుడల్లా కుట్టు విప్పినట్టు ఒక్కో మాటా విప్పుకుంటూ చదివింది. అయిపోయాక తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "బాగా రాశాడు. నాకే ఆవిడ మీద అసహ్యం వేసింది" అంది.

ఇంట్లో మొగుడితో చెప్పిందట. ఆయన అన్నం తింటూ, "కథేగా. వాడికి బహుమతి వచ్చిందట, విన్నావా" అన్నాడట. తమ్ముడు అంతవాడయ్యాడని ఆయనకి లోలోపల మహా గర్వం. డిపోలో అందరికీ పుస్తకం చూపించేవాడు. చదివిన వాళ్ళలో ఒకడు "పెద్దకోడలు అంటే మీ ఆవిడేనా గురూ" అనడిగితే నవ్వి ఊరుకున్నాడట. ఆ నవ్వి ఊరుకోవడం ఆవిడకి తెలిసింది. నవల కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

తర్వాత పాఠకులు రావడం మొదలైంది. పనేం లేకపోయినా మెట్ల దగ్గర నిలబడి చూసి పోయేవాళ్ళు. ఇద్దరు ముగ్గురు ఫోన్లో ఫొటో తీసుకున్నారు. ఒకావిడ లోపలికొచ్చి, "మీకు రాత్రుళ్ళు నిద్ర పడుతుందా?" అనడిగి, జవాబు కోసం ఆగకుండా దిగి వెళ్ళింది. మంచి మాట మాట్లాడిన వాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఇంకో రకం. ఒక పెద్దమనిషి ఖరీదైన కోటు తెచ్చి చేతులు పొట్టి చెయ్యమన్నాడు. కొలత తీస్తుంటే గొంతు తగ్గించి, "నేను మా నాన్నని అలాగే గదిలో పెట్టి తాళం వేసేవాణ్ణి. మీరు కూడా అని తెలిశాక కాస్త తేలికపడ్డాను" అన్నాడు.

"మీ నాన్నగారికి ఒళ్ళు ఎవరు తుడిచేవాళ్ళు?" అందీవిడ.

"మనిషిని పెట్టాను."

ఆవిడ సుద్దముక్కతో గీత గీసి, "కోటు ఎల్లుండి తీసుకోండి" అంది. అతను వెళ్ళాక నా వైపు చూసి, "తిట్టేవాళ్ళే నయం అన్నయ్యా. వీళ్ళు నన్ను తమలో కలిపేసుకుంటున్నారు" అంది.

ఆ మరుసటి ఏడు నవలని కాలేజీలో పాఠంగా పెట్టారు. నాకు చేతినిండా పని. పిల్లలు గుంపులుగా వచ్చి నోట్సు జిరాక్స్ తీయించుకునేవాళ్ళు. "అంకుల్, పెద్దకోడలు మొత్తం ఒక సెట్టు" అని అడిగేవాళ్ళు. చెక్క గోడ అవతల మిషన్ ఆగిపోయేది. కాసేపటికి మళ్ళీ మొదలయ్యేది.

వాళ్ళమ్మాయిది కూడా అదే కాలేజీ, అదే తరగతి. బాబాయ్ పుస్తకం అని స్నేహితుల ముందు ఆ పిల్లకి గొప్పగా ఉండేది. తల్లి సంగతి మాత్రం పైకి తెచ్చేది కాదు. పరీక్షలో అడిగారు: పెద్దకోడలి క్రూరత్వాన్ని ఉదాహరణలతో వివరించండి. పరీక్ష రాసి వస్తూ పిల్ల షాపు దగ్గర ఆగింది. తల్లి ప్రశ్నపత్రం అందుకుని చదివింది.

"ఇది రాశావా?"

"రాశాను. పెద్ద ప్రశ్న కదమ్మా, వదిలేస్తే ఎలా?"

"ఏం రాశావు?"

"నోట్సులో ఉన్నదే."

"నా గురించి అడిగితే నోట్సులో ఉన్నది రాశావా?"

"నీ గురించి కాదమ్మా, పాత్ర గురించి. రెండూ కలపొద్దని మా మేడమ్ మొదటి రోజే చెప్పింది."

"సరే. ఏం ఉదాహరణలిచ్చావు?"

పిల్ల బ్యాగు పట్టీ మెలితిప్పుతూ నిలబడింది. చివరికి, "నాయనమ్మ వేళ్ళు నలిగిన సంగతి" అంది.

"అది కట్టుకథే. నీకు తెలుసుగా అది జరగలేదని."

పిల్ల కళ్ళు దించుకుంది. "నాకు గుర్తుందమ్మా. చిన్నప్పుడు. తలుపు దగ్గర రక్తం కూడా గుర్తుంది. నువ్వు మర్చిపోయుంటావు."

నేను ఇటుపక్క కాగితాలు సర్దుతున్నట్టు నటించాను. జిప్పులక్క ప్రశ్నపత్రం మడిచి బల్ల మీద పెట్టింది. తర్వాత గొంతు పెంచకుండానే చెప్పింది. అత్తగారి అరికాళ్ళలో గాజుముక్కలు దిగిన రోజు సంగతి చెప్పింది, ఆ రక్తం గుమ్మం దాకా కారిందని చెప్పింది. పిల్ల తలూపింది. నమ్మి ఊపిన తల కాదది. పెద్దవాళ్ళని ఊరుకోబెట్టడానికి పిల్లలు ఊపుతారు చూడండి, అలాంటిది.

ఆ పరీక్షలో ఆ పిల్లకి మంచి మార్కులొచ్చాయి.

అప్పటిదాకా ఓర్చుకున్న మనిషి, కూతురి మాట విన్నాక ఓర్చుకోలేకపోయింది. లైబ్రరీ హాల్లో పాఠకులతో రచయిత ముఖాముఖి అని గోడలకి కాగితాలంటించారు. "నువ్వూ రా అన్నయ్యా, ఒక్కదాన్నే వెళ్ళలేను" అంది. షాపు మూసి, మంచి కోటు వేసుకుని వచ్చింది. వెనక వరసలో కూర్చున్నాం. హాలు నిండిపోయింది. మరిది జుట్టు నెరిసి అందంగా ఉన్నాడు. గొంతులో పెద్దరికం వచ్చింది.

ఒకాయన లేచి, ఈ నవల చదివాక తన భార్యని కొత్త కళ్ళతో చూస్తున్నానన్నాడు. పక్కనే కూర్చున్న భార్య నేల చూసింది. ఓ అమ్మాయి, పెద్దకోడలికి శిక్ష పడకుండా కథ ముగించడం తనకి నచ్చలేదంది. "ఆమె ఇప్పుడెక్కడుంది సార్? నిజంగా ఉందా?" అనడిగింది. రచయిత చిన్నగా నవ్వి, "ఆమె కాగితం మీదే ఉంది" అన్నాడు.

జిప్పులక్క లేచి నిలబడింది. మైకు చేతికిచ్చారు. దాన్ని ఎలా పట్టుకోవాలో తెలీక రెండు చేతులతో పట్టుకుంది.

"ఆ గడియ ఎవరు కొనుక్కొచ్చారు? తలుపుకి ఎవరు బిగించారు? పుస్తకంలో ఎక్కడా లేదు. అది చెప్పండి."

అతను పోల్చుకున్నాడు. గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. "చాలా మంచి ప్రశ్న. కొన్ని ప్రశ్నలకి రచయిత జవాబు చెప్పకూడదు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. వేదిక మీదున్న లెక్చరరు మైకందుకుని, "నా ఉద్దేశంలో ఆ గడియ బిగించింది సమాజం" అన్నాడు. ఇంకా గట్టిగా చప్పట్లు.

"సమాజం కాదండీ, ఈయనే. స్క్రూడ్రైవరు మా ఆయనది" అంది జిప్పులక్క.

హాలంతా నవ్వింది. హాస్యమాడిందనుకున్నారు. నిర్వాహకుడు వచ్చి సమయం అయిపోతోందని మర్యాదగా మైకు తీసేసుకున్నాడు. ఆవిడ కూర్చుంది. ముందు వరసలోంచి ఓ కుర్రది వెనక్కి తిరిగి చూసి, పక్కదానితో, "ఆవిడేనేమో. కానీ నవల్లో లావుగా ఉంటుందిగా" అంది.

బయట వరండాలో మరిది ఎదురొచ్చాడు. చేతిలో సంతకాలు పెట్టే పెన్ను అలాగే ఉంది.

"వదినా, అందరి ముందూ అలా అడగాలా? ఫోన్ చేసుంటే మాట్లాడేవాణ్ణిగా."

"ఏం మాట్లాడేవాడివి?"

"అది నువ్వు కాదు వదినా. పాత్రకి బలం రావాలంటే కొంత కలపాలి. నువ్వు నాకు తల్లి లాంటి దానివి, నీకు తెలీదా?"

"నా కూతురు నన్ను పరీక్షలో రాసొచ్చింది. వేళ్ళు నలిపానని దానికి గుర్తుందట. ఆ ఒక్కటి వెనక్కి తీసుకో. మిగతావన్నీ ఉంచుకో."

అతను ఏదో అనబోయాడు. అంతలో ఎవరో పుస్తకం చాపారు. అటు తిరిగి సంతకం చేసి, పేరు ఎలా రాయాలని అడుగుతూ ఉండిపోయాడు. మేం మెట్లు దిగి వచ్చేశాం.

కొన్నాళ్ళకి ఆదివారం పేపర్లో అతని వ్యాసం వచ్చింది. ఆ గడియ నేనే బిగించాను అని మొదలుపెట్టాడు. అమ్మ కాగితాలు నానబెట్టడం, చెవుల్లో దూది, అన్నీ రాశాడు. దాచలేదు. పాఠకుల సభలో ఒక స్త్రీ అడిగిన ప్రశ్న తనని కుదిపేసిందనీ రాశాడు. ఆ స్త్రీ ఎవరో రాయలేదు. చివర్న ఒక వాక్యం: "బిగించిన చెయ్యి నాది, రోజూ వేసిన చెయ్యి నాది కాదు." వేళ్ళు నలగలేదన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

వ్యాసం చదివి జనం ఉక్కిరిబిక్కిరైపోయారు. ఎంత ధైర్యం, ఎంత నిజాయితీ అని వరసపెట్టి ఉత్తరాలు అచ్చయ్యాయి. తనని తాను ఇలా నిలదీసుకున్న రచయిత ఇంకెవరున్నారని ఒకాయన రాశాడు. నవల కొత్త ముద్రణ పడింది, ఈ వ్యాసాన్ని చివర చేర్చారు. నా కొట్లో నోట్సు కూడా కొత్తవి వచ్చాయి. అందులో కొత్త ప్రశ్న: రచయిత ఆత్మవిమర్శను వివరించండి.

టీచరమ్మ ఓ రోజు నా దగ్గర కాగితాలు తీయించుకుంటూ, "ఆయన బిగించాడే అనుకోండి, ఈవిడ వెయ్యకుండా ఉండొచ్చుగా" అంది, గోడ అవతలికి వినపడేలాగే.

కూతురు కూడా వ్యాసం చదివింది. తల్లి దగ్గరికొచ్చి, "బాబాయ్ ఎంత బాధపడ్డాడో చూశావా అమ్మా. నువ్వూ ఇక మనసులో పెట్టుకోకు. నాయనమ్మని ఎవరం సరిగ్గా చూసుకోలేదు" అంది. ఆ పిల్ల సొంత బుద్ధితో, ప్రేమగానే అంది. జిప్పులక్క నాకు ఆ మాట చెప్పి, "'ఎవరం' అంటోంది అన్నయ్యా" అని నవ్వబోయి, ఆపుకుంది.

మరిదితో మాటలు మానేసింది. మొగుడు మాత్రం తమ్ముడింటికి వెళ్ళి వస్తూనే ఉన్నాడు. వచ్చాక అక్కడి సంగతులు చెప్పబోతే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. బేరాలు పూర్తిగా తగ్గిపోలేదు, జిప్పులు చెడిపోతూనే ఉంటాయిగా. కానీ ప్రతి కొత్త మొహాన్నీ ఇది చదివిన మొహమా కాదా అని చూడ్డం ఆవిడకి అలవాటైపోయింది. ఆ చూపుతో పని సాగదు. చివరికి షాపు ఖాళీ చేసింది. ఊరికి ఆ చివర్న యూనిఫారాలు కుట్టే చోట చేరింది. ఇప్పుడు నా పక్కగదిలో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

ఓసారి కాగితం కట్టలు కొనడానికి అటు వెళ్ళి, భోజనాల వేళకి కలిశాను. పెద్ద షెడ్డు. వరసగా మిషన్లు, చెవులు చిల్లులు పడే చప్పుడు. ఆవిడ కాలర్ల వరసలో ఉంది. రోజంతా ఒకటే ముక్క. కళ్ళజోడు వచ్చింది. బయటి బెంచీ మీద కూర్చుని డబ్బాలో రొట్టె సగం నాకు పెట్టింది.

"ఎలా ఉంది ఇక్కడ?"

"బాగుంది. ఎవరూ చదవరు" అంది.

అమ్మాయి వస్తుంటుందా అనడిగాను. ఆ పిల్లకి ఉద్యోగం వచ్చింది, వేరే ఇల్లు తీసుకుంది.

"వస్తుంది. వచ్చినప్పుడల్లా పళ్ళు తెస్తుంది. నా మందులు చూస్తుంది. ఒక్క మాట ఎదురు చెప్పదు. చిన్నప్పుడు ఎంత పోట్లాడేదో నీకు తెలుసుగా. ఇప్పుడు నేనేదన్నా విసుక్కున్నా, సరేనమ్మా అంటుంది."

రొట్టె తుంచి, కాసేపు చేతిలోనే పట్టుకుని, "చాలా మర్యాదగా చూస్తుంది అన్నయ్యా" అంది.

లోపల బెల్లు కొట్టారు. డబ్బా మూత పెట్టి లేచింది.